దవడ కింది వేలు

నజీహా ఇంట్లో టీ తాగితే, మనం తాగిన గ్లాసును ఆమె వెంటనే కడగదు. ముందు కిటికీ వెలుతురుకు ఎత్తి, కళ్ళు చికిలించి, అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఆ తర్వాతే నీళ్ళ కింద పెడుతుంది. కొత్తలో నాకు ఒళ్ళు మండేది. చేతులు మురికిగా ఉన్నాయని చూస్తోందేమో అనుకునేదాన్ని.

"కాదే పిచ్చిదానా, అలవాటు! నీ చూపుడువేలు మీద కాలిన మచ్చ మానిందా లేదా అని చూశాను. మానలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కబుర్లు చెప్పమన్నానా లేదా?"

నేను వాళ్ళ కింది వాటాలో బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. ఆమె పోలీసుల ల్యాబులో పనిచేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మధ్యాహ్నం నా మిషను ఆగిన చప్పుడు వినగానే పైనుంచి నేల మీద చెప్పుతో రెండు దెబ్బలు వేసేది. టీ అయిందని అర్థం.

మా స్ఫాక్స్ ఊళ్ళో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. చేపల బజారులో అడుగుపెడితే చాలు, చేపలవాడు రెండు చేతులూ వెనక్కి దాచుకునేవాడు.

"నా చేతులు చూడకు లల్లా నజీహా! పొద్దున్నే మా ఆవిడ డబ్బాలో పంచదార కాజేశాను."

"నీ చేతులు దేనికిరా, నీ త్రాసు చూస్తే చాలదూ!"

ఆమె నవ్వేది, వాడూ నవ్వేవాడు. కానీ చేప కాగితంలో చుట్టి ఇస్తుంటే ఆమె కళ్ళు వాడి బొటనవేలి మీదే ఉండేవి. బస్సు కండక్టరు చిల్లర ఇచ్చినా, రొట్టెలవాడు రొట్టె విరిచినా అంతే. ముఖాలు మరిచిపోయేది గానీ వేళ్ళు మరిచిపోయేది కాదు. ఎవరి వేలి కోసం అలా చూస్తోందో నాకు చాలాకాలం తెలియలేదు.

ఆమె ల్యాబులో చేరింది ఫోటోలు కడిగే పనికి. ఎర్రదీపం గదిలో తొట్టెల మీద వంగి, నీళ్ళలోంచి తేలివచ్చే వేలిముద్రల్ని చూసీచూసీ వాటి మీద మోజు పెంచుకుంది. గాజు మీద, తలుపుల మీద, కత్తి పిడి మీద అందరూ తీసేవాళ్ళు. మనిషి ఒంటి మీద మాత్రం తీయలేమనేవాళ్ళు. ఒంటికి చెమట ఉంటుంది, సొంత గీతలుంటాయి, పట్టుకుంటే సాగుతుంది. దాని మీద ఇంకొకరి వేలి గీతలు నిలవడం కష్టం.

"కష్టం అన్నారు గానీ లేదనలేదుగా" అనేది నజీహా.

ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమెకు నవ్వాగదు. "పెళ్ళైన కొత్త. మా ఆయన ప్రేమగా చెయ్యి పట్టుకున్నాడు. 'కదలకు, అలాగే ఉండు' అన్నాను. పాపం ఏదో అనుకుని కళ్ళు మూసుకున్నాడు. నేను వెళ్ళి ఫోటో కాగితం తెచ్చుకున్నాను!"

మెరిసే ఫోటో కాగితం ముక్కను అరచేతుల మధ్య పెట్టి కాస్త వెచ్చచేసేది. దాన్ని చర్మం మీద ఆనించి, ఊపిరి బిగపట్టి, జరగకుండా నొక్కి, ఒక్కసారిగా పైకి తీసేది. తర్వాత కాగితం మీద నల్లపొడి చల్లి, మెత్తని కుంచెతో విదిలిస్తే గీతలు తేలాలి. ఒక చోట ఒక్కసారే. రెండోసారి ఆనిస్తే అలుక్కుపోతుంది.

"బతికున్న ఒళ్ళు తొందరగా మరిచిపోతుందే" అంది ఒకసారి. "ఒక సినిమా చూసి వచ్చేసరికి ఏమీ మిగలదు. పోయిన ఒళ్ళు ఇంకాస్త గుర్తుంచుకుంటుంది. కానీ మంచుపెట్టెలో పెట్టకూడదు. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది, గీతలు కరిగిపోతాయి."

ఇక్కడ పోయినవాళ్ళను ఎంత తొందరగా సాగనంపితే అంత మంచిదని చూస్తారు. స్నానం చేయించాలి, తెల్లగుడ్డ చుట్టాలి, నమాజు చదవాలి. అందుకని ఆసుపత్రి శవాల గదిలో నజీహాకు ఎప్పుడూ తొందరే. ఆడవాళ్ళకు స్నానం చేయించే మబ్రూకా ముసలిది బకెట్టూ కర్పూరం పొట్లమూ పెట్టుకుని గుమ్మంలో చతికిలబడి ఉండేది.

"అయిందా నీ అద్దకం పని? నీళ్ళు చల్లారిపోతున్నాయి."

"ఇంకొంచెంసేపు, ఖాల్తీ." ఇక్కడ పెద్దావిడ ఎవరైనా ఖాల్తీయే, పిన్ని అన్నట్టు.

"వెతుక్కో, వెతుక్కో. నువ్వెన్ని చేతులు వెతికి పట్టుకున్నా చివరికి అన్నిటినీ కడిగేసేది నేనే. అక్కడికి వెళ్ళాక ఎవరి వేలిముద్రలూ చూపించక్కర్లేదు."

దలెందా సంగతి నజీహా నాకు ఒక్క రోజున చెప్పలేదు. కొంచెం కొంచెం చెప్పింది. కొన్నిసార్లు మాట మధ్యలో లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేది.

ఆలివ్ కాయలు గానుగాడే చలికాలం. తన్యూర్ రోడ్డులో తోటల మధ్య ఇల్లు. దలెందాకు పెళ్ళై ఎక్కువ కాలం కాలేదు. భర్త లస్సాద్ చిన్న బండిలో గానుగలకు కాయలు తోలేవాడు. ఒక పొద్దున దలెందా వంటింటి నేల మీద చనిపోయి ఉంది. గొంతు నులిమిన గుర్తులున్నాయి. ముందుగా చూసింది తల్లి మహ్జూబా. తాను తెల్లవారకముందే గానుగకు వెళ్ళిపోయానన్నాడు లస్సాద్. ముందురోజు మొగుడూ పెళ్ళాల అరుపులు విన్నామన్నారు పక్కవాళ్ళు. "వాడే! వాడే చంపాడు!" అని తల్లి వీధిలో పడి ఏడ్చింది. పోలీసులు లస్సాద్‌ను పట్టుకెళ్ళారు.

గొంతు మీద కమిలిన మరకలు అలుక్కుపోయి ఉన్నాయి, పనికిరావు. నజీహా లైటు ఏటవాలుగా పట్టి అంగుళం అంగుళం చూసింది. కుడి దవడ కింద ఒక చోట చర్మం నూనె రాసినట్టు మెరిసింది. కాగితం వెచ్చచేసి ఆనించింది, తీసింది, పొడి చల్లింది.

"అంత బాగా ఇంకెప్పుడూ రాలేదే అమ్మాయ్. అంతకుముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నిండు బొటనవేలు. మధ్యలో ఏటవాలుగా పాత కోత మచ్చ. మచ్చ కింద రెండు గీతలు తెగి ఉన్నాయి, మెట్లు విరిగిన నిచ్చెనలా. నాకు సంతోషమైంది. అక్కడ ఆ పిల్లను పెట్టుకుని సంతోషపడ్డాను చూడు, అదింకా గుచ్చుతుంది."

ఒంటి మీద ముద్ర దొరికితే, ఆ ఒంటిని ఎవరెవరు ముట్టుకున్నారో వాళ్ళందరి వేళ్ళూ తీయాలి. వాళ్ళవి పక్కన పెడితే మిగిలింది హంతకుడిది. ఇన్‌స్పెక్టరు ఫెర్జానీ, నజీహా కలిసి లస్సాద్‌వి తీశారు, మోసుకొచ్చినవాళ్ళవి తీశారు, డాక్టరువీ తీశారు. శవాల గది బయట గోడకు ఆనుకుని మహ్జూబా నేల మీద కూర్చుని ఉంది. తెల్లని సఫ్సారీ దుప్పటి ఒంటి మీంచి జారిపోతున్నా కప్పుకోవడం లేదు.

ఫెర్జానీ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, బిడ్డను ముట్టుకున్నావా?"

"లేదు బాబూ. ముట్టొద్దని అందరూ అరిచారుగా. ముట్టలేదు."

అయినా నజీహా సిరా పెట్టె తెరిచింది. గుమ్మంలోంచి మబ్రూకా కసిరింది.

"తల్లి చేతికి సిరా పూస్తావా? బుద్ధుందా? ఇంకాసేపట్లో అదే చేత్తో బిడ్డ మీద నీళ్ళు పోయాలి. నల్లచేత్తో పోయమంటావా?"

నజీహా ఫెర్జానీ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె పెట్టె మూసేసింది.

దవడ కింది వేలు లస్సాద్‌ది కాదు. మోసుకొచ్చినవాళ్ళదీ కాదు. ఎవరిదో పరాయి వేలు, దానికి ఆలివ్ నూనె అంటి ఉంది. గానుగవాడెవడో అయి ఉంటాడన్నారు. ఆ చలికాలం ఊళ్ళోని గానుగలన్నీ తిరిగారు. నూనె కారుతున్న మగవాళ్ళంతా వరసలో నిలబడి, చేతులు రంపపు పొట్టుతో రుద్దుకుని, నజీహా ముందు వేలు చాపారు. ఎవరి వేలి మీదా ఆ మచ్చ లేదు. లస్సాద్ గురించి పక్కవాళ్ళు విన్న అరుపులు తప్ప ఇంకేమీ లేకపోయింది. పరాయివాడి వేలు కళ్ళముందు ఉండగా వీణ్ణి ఎలా ఉంచుతామని వదిలేశారు.

ఆ తర్వాత ఏటా గానుగల కాలం రాగానే మహ్జూబా ల్యాబుకు వచ్చేది. వేయించి విసిరిన బ్సీసా పిండి సీసాలో పోసుకుని తెచ్చేది. పిండి బల్ల మీద పెట్టి, నిలబడే అడిగేది.

"ఆ వేలు దొరికిందా బిడ్డా?"

"ఇంకా లేదు ఖాల్తీ."

"దొరుకుతుంది. దేవుడు ఉన్నాడు. నువ్వు ఉన్నావు."

అల్లుణ్ణి అన్యాయంగా అనుమానించానని మహ్జూబా ఎంతో బాధపడింది. అతను గాబెస్ ఊరు వెళ్ళి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తనే వెళ్ళి దీవించి వచ్చింది. వాళ్ళకు పిల్లలు పుడితే స్వెట్టర్లు అల్లి పంపింది. ఆ పిల్లలు ఆమెను అమ్మమ్మా అని పిలుస్తారని ల్యాబులో అందరికీ చెప్పుకునేది.

ఇక నజీహాకు ఆ వేలు ఒంటికి అంటుకుంది. చలికాలం పొద్దున మొహం మీద నీళ్ళు చల్లుకుంటే కుడి దవడ కింద ఎవరో బొటనవేలు ఆనించినట్టుండేది. నొక్కేది కాదు. ఊరికే ఆని ఉండేది. తువ్వాలుతో తుడిస్తే పోయేది కాదు. అద్దంలో చూస్తే ఏమీ ఉండేది కాదు. మొగుడికి చెబితే, "నన్ను కాగితం తెమ్మంటావా?" అన్నాడట. ఆ రోజు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

రిటైరైన ఏడాది చలికాలంలో మహ్జూబా అడ్రసు కనుక్కుని మా ఇంటికే వచ్చింది. అప్పుడు నేను పైనే ఉన్నాను. ముసలావిడ మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరీ బక్కపిల్ల? తిండి పెట్టడం లేదా దీనికి?"

"పెడితే తినదు ఖాల్తీ. బట్టలకు పెట్టే కొలతలన్నీ తన ఒంటికీ పెట్టుకుంటుంది."

"ఉండండి, ఇవాళ నేను కలిపి పెడతా. ఆఫీసులో సీసా ఇచ్చి వచ్చేయడమేగానీ ఒక్కసారైనా నా చేత్తో తినిపించానా? ఇప్పటి పిల్లలు బజార్లో కొంటున్నారట బ్సీసా. ఛీ, రంపపు పొట్టు నయం!"

వంటింట్లో పళ్ళెం తీసుకుని పిండిలో నూనె, పంచదార పోసి గట్టిగా ముద్ద కలిపింది. ముద్దను గుండ్రంగా సర్దింది. పైన నూనె నిలవడానికి మధ్యలో బొటనవేలితో గట్టిగా ఒక గుంట నొక్కి, నూనె సీసా ఎత్తింది.

"ఆగు!" అంది నజీహా.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పళ్ళెం రెండు చేతులతో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గ్లాసును చూసినట్టే వెలుతురుకు ఏటవాలుగా పట్టింది. చాలాసేపు అలాగే నిలబడింది.

"ఏమే, పురుగుందా?" అంది మహ్జూబా.

"లేదు ఖాల్తీ. నీ వేలికి ఏదో మచ్చ ఉన్నట్టుంది."

"ఇదా? ఎప్పటిదో. పెళ్ళి కాకముందు బాదంకాయలు కొడుతూ కోసుకున్నా. మా అమ్మ గాయానికి కట్టు కట్టే ముందు నన్ను రెండు తన్నింది." నవ్వి, నూనె పోసింది. గుంట నిండిపోయింది. ముగ్గురం తిన్నాం. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి అడిగింది. "ఆ వేలు దొరికిందా బిడ్డా?"

నజీహా తల ఊపింది. అవుననో కాదనో నాకూ అర్థం కాలేదు.

ఆవిడ మెట్లు దిగిపోయాక నజీహా నేల మీద కూర్చుంది. "ఆమెదేనే" అంది. "ఆ వేలు ఆమెదే."

"తల్లే చంపిందంటావా?"

"అది కాదు... ఏమో. ముట్టలేదని చెప్పింది. ఎందుకు చెప్పింది?" తన అరచేతులు చూసుకుంది. "ఆ రోజు నా చేతిలో సిరా పెట్టె తెరిచే ఉందే. ఇంతదూరంలో ఆమె చెయ్యి."

ఫెర్జానీ కూడా రిటైరై సముద్రం ఒడ్డున కాఫీ అంగడిలో పాచికలాడుకుంటున్నాడు. నజీహా అక్కడికి వెళ్ళి చెప్పింది. అతను పాచికలు పక్కన పెట్టేశాడు.

"వదిలెయ్ నజీహా. ముసలిది. ఉన్నన్నాళ్ళు మనవలనుకుంటూ ఉండనీ. ఇప్పుడు చెప్పి ఏం తీసుకొస్తావ్?"

"ఫెర్జానీ గారూ, ఆ ముద్ర అంటించిన నా కార్డు చూసే లస్సాద్‌ను వదిలారు."

"వాడే చేశాడని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. చేయలేదన్నది నా కార్డే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. ఏటా మన గుమ్మానికి వచ్చి అడిగేది ఆవిడ, ముందు ఆవిడకు చెప్పాలి."

ఒక్కతే వెళ్ళలేనని నన్ను తోడు తీసుకెళ్ళింది. మహ్జూబా ఇంటి ముందు ఎండలో చాప వేసుకుని బాదంపప్పు ఏరుకుంటోంది. లోపల గోడ మీద, ఆమె అల్లిన స్వెట్టర్లు వేసుకున్న లస్సాద్ పిల్లల ఫోటో కనబడుతోంది. మమ్మల్ని చూసి సంబరపడి లేవబోయింది. నజీహా లేవనివ్వలేదు.

"ఖాల్తీ, ఆ రోజు పొద్దుటి సంగతి నాకు ఇంకొక్కసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను? బ్సీసా కలుపుకుని తీసుకెళ్ళా. చల్లారకముందే తింటుందని చేతులు కూడా కడుక్కోలేదు, కొంగుకు తుడుచుకున్నా. తలుపు తీసే ఉంది..."

"ముట్టుకున్నావా?"

"లేదంటుంటే! పక్కింటావిడ గుమ్మంలోంచి ముట్టకు ముట్టకు, పోలీసులు రావాలని ఒకటే అరుపు. ముట్టలేదు. నోరు మూశానంతే."

నజీహా కళ్ళు మూసుకుంది.

"నోరు తెరుచుకుని ఉందే తల్లీ. చిన్నప్పుడూ అంతే, నోరు తెరుచుకునే నిద్రపోయేది. బిగుసుకుపోయాక ఎవరు మూస్తారు? అలా పంపిస్తామా ఎవరినైనా? దవడ కింద ఇలా పెట్టి మూశాను." తన దవడ కింద బొటనవేలు పెట్టి చూపించింది. "అది ముట్టుకోవడం ఎట్లా అవుతుంది?"

నజీహా సంచిలోంచి ఫోటో తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. పెద్దది చేసిన బొటనవేలు, మధ్యలో కోత. మహ్జూబా ముందు ఫోటోను చూసింది. తర్వాత తన వేలిని చూసుకుంది. చదవడం రాని మనిషికి కూడా అది చదవడం కష్టం కాలేదు.

"ఇది నాదా?"

"నీదే ఖాల్తీ."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

చాప మీద పిచ్చుక ఒకటి వాలి, పప్పు ముక్క ఎత్తుకుపోయింది. ఆమె దాన్ని తోలలేదు.

"ప్రతి నమాజు తర్వాతా తిట్టాను" అంది నెమ్మదిగా. "ఆ వేలు ఎండిపోవాలని, కుళ్ళి రాలిపోవాలని. ఒక్కరోజూ మానలేదు. అందుకే కాబోలు ఈ మధ్య ఇది సరిగ్గా వంగడం లేదు." అని నవ్వబోయి ఆగిపోయింది. "మరి లస్సాద్?" అంది.

"తెలియదు. వాడు కాదని నా కార్డు చెప్పింది. ఇప్పుడు నా కార్డు ఏమీ చెప్పడం లేదు."

"నేనే వాణ్ణి విడిపించానన్నమాట."

"నువ్వు కాదు. నేను."

"నా చెయ్యి, నీ కాగితం" అంది మహ్జూబా. కోపంగా అనలేదు. లోపలి గోడ వైపు చూసింది. లేచి ఫోటో తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. మళ్ళీ పప్పు ఏరడం మొదలుపెట్టింది, ఆ బొటనవేలిని అరచేతిలోకి ముడిచి, మిగతా వేళ్ళతో. మేము లేస్తుంటే తల ఎత్తకుండా అడిగింది.

"అయితే నా బిడ్డను కడిగేముందు చివరిగా దాని మీద ఉన్నది నా చెయ్యేగా?"

"అవును ఖాల్తీ."

"సరే. వెళ్ళిరండి."

నజీహా ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. లస్సాద్‌ను గాబెస్ నుంచి పిలిపించి అడిగారు. పాత మాటే చెప్పాడట. ఇంకేముంది చూపించడానికి? ఒంటి మీద మిగిలిందంతా ఆ రోజే మబ్రూకా కడిగి పంపించింది. అతణ్ణి ఇంటికి పంపేశారు. మహ్జూబా గాబెస్ వెళ్ళడం మానేసిందని తర్వాత విన్నాం. ఫోటో ఇంకా గోడ మీదే ఉందని కూడా విన్నాం.

"దవడ కింద ఆ వేలు ఇంకా ఆని ఉంటుందా?" అని ఒకరోజు నజీహాను అడిగాను.

"ఉంటుంది. ఇన్నాళ్ళూ గొంతు నులమడానికి వచ్చింది అనుకునేదాన్ని." గ్లాసు వెలుతురుకు ఎత్తింది, చూడకుండానే దించేసింది. "నోరు మూయడానికట."

మళ్ళీ గానుగల కాలం వచ్చింది. ఆవిడ రాదనుకున్నాం. ఒక పొద్దున మెట్ల మీద ఆయాసం వినబడింది. మహ్జూబా లోపలికి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం తీసుకుంది. పిండిలో నూనె పోసి ముద్ద కలిపింది. గుండ్రంగా సర్దింది. అప్పుడు అటూ ఇటూ చూసి గూట్లోంచి చెంచా తీసుకుని, దాని వీపుతో మధ్యలో గుంట నొక్కి, నజీహా ముందు పెట్టింది.

నజీహా ఆ గుంటను చూసింది. నున్నగా ఉంది. ఒక్క గీత కూడా లేదు.

"తినవే" అంది మహ్జూబా.